భారత రాష్ట్రపతి అధికారాలు, విధులు

భారత రాష్ట్రపతి భారత గణతంత్ర రాజ్యానికి అధినేత, దేశ ప్రథమ పౌరుడు, త్రివిధ సాయుధ దళాలకు సర్వసైన్యాధ్యక్షుడు. భారత రాజ్యాంగంలోని 52వ అధికరణం ఈ పదవిని ఏర్పరచింది. 53వ అధికరణం కేంద్ర ప్రభుత్వ కార్యనిర్వాహక అధికారాలన్నిటినీ రాష్ట్రపతికి అప్పగించింది. అయితే భారతదేశం పార్లమెంటరీ ప్రభుత్వ విధానాన్ని అనుసరిస్తున్నందున, ఈ అధికారాలను రాష్ట్రపతి ప్రధానమంత్రి నాయకత్వంలోని మంత్రిమండలి సలహా మేరకే వినియోగిస్తాడు. పేరుకు అధికారం రాష్ట్రపతిది, ఆచరణలో మంత్రిమండలిది. ఈ రెంటి మధ్య ఉన్న సంబంధం ఏమిటనే ప్రశ్న రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నాటినుండి చర్చనీయాంశంగానే ఉంది.

మొదటి రాష్ట్రపతి డా. రాజేంద్ర ప్రసాద్ 1950 జనవరి 26న పదవీ స్వీకారం చేసాడు. పూర్తిగా రెండు పర్యాయాలు ఎన్నికైన రాష్ట్రపతి ఇప్పటివరకు ఆయన ఒక్కడే. 2007లో ఎన్నికైన ప్రతిభా పాటిల్ ఈ పదవిని చేపట్టిన తొలి మహిళ. 2022 జూలై 25న ప్రమాణ స్వీకారం చేసిన ద్రౌపది ముర్ము ఈ పదవిని పొందిన తొలి గిరిజన వ్యక్తి, రెండవ మహిళ.

ఎన్నిక

రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. పార్లమెంటు ఉభయ సభలలోని ఎన్నికైన సభ్యులు, రాష్ట్రాల శాసనసభలలోని ఎన్నికైన సభ్యులు కలిసిన ఎలక్టోరల్ కాలేజీ (నియోజకగణం) రాష్ట్రపతిని ఎన్నుకుంటుంది. 1992లో చేసిన 70వ రాజ్యాంగ సవరణ ద్వారా ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభల సభ్యులకు కూడా ఓటు హక్కు లభించింది. నామినేటెడు సభ్యులకు, శాసనమండలి సభ్యులకు ఈ ఎన్నికలో ఓటు లేదు.

ఎన్నిక నైష్పత్తిక ప్రాతినిధ్య పద్ధతిలో, ఏక ఓటు బదిలీ విధానం ద్వారా, రహస్య బ్యాలెట్‌తో జరుగుతుంది. అందరి ఓట్ల విలువ ఒకటి కాదు. రాష్ట్ర జనాభాను ఆ రాష్ట్ర శాసనసభలోని ఎన్నికైన సభ్యుల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ వెయ్యితో భాగిస్తే ఒక్కో శాసనసభ్యుని ఓటు విలువ వస్తుంది. ఇందుకు 1971 జనాభా లెక్కలనే ప్రాతిపదికగా తీసుకుంటారు. కుటుంబ నియంత్రణను బాగా అమలు చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదన్నది దీనిలోని ఉద్దేశం. 2026 తరువాత జరిగే మొదటి జనాభా లెక్కల వివరాలు వెలువడేవరకు ఇదే కొనసాగుతుంది.

ఈ లెక్క ప్రకారం ఉత్తర ప్రదేశ్ శాసనసభ్యుని ఓటు విలువ 208 కాగా, సిక్కిం సభ్యునిది 7 మాత్రమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుని ఓటు విలువ 148గా ఉండేది. విభజన తరువాత అది ఆంధ్రప్రదేశ్‌లో 159, తెలంగాణలో 132 అయింది. దేశంలోని శాసనసభ్యుల ఓట్ల మొత్తం విలువను ఎన్నికైన పార్లమెంటు సభ్యుల సంఖ్యతో భాగిస్తే పార్లమెంటు సభ్యుని ఓటు విలువ వస్తుంది. 2022 ఎన్నికలో ఇది 700. జమ్మూ కాశ్మీరులో అప్పటికి శాసనసభ లేనందున అంతకుముందున్న 708 నుండి తగ్గింది.

గెలుపునకు చెల్లిన ఓట్ల విలువలో సగానికి మించి రావాలి. మొదటి ప్రాధాన్యతా ఓట్లతో ఎవరికీ ఆ సంఖ్య రాకపోతే, అందరికంటే తక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థిని తొలగించి, ఆయన ఓట్లను రెండవ ప్రాధాన్యత ప్రకారం మిగిలినవారికి బదిలీ చేస్తారు. ఇలా రెండవ ప్రాధాన్యతా ఓట్ల ద్వారా ఫలితం తేలిన ఎన్నిక 1969లో జరిగింది. ఆ పోటీలో ప్రధాన అభ్యర్థులిద్దరూ తెలుగువారే కావడం విశేషం. కాంగ్రెసు అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డిపై స్వతంత్ర అభ్యర్థి వి.వి.గిరి విజయం సాధించాడు. ఆ ఏడాదే కాంగ్రెసు పార్టీ చీలిపోయింది. సంజీవరెడ్డి తరువాత 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతిగా ఎన్నికయ్యాడు.

అర్హతలు, పదవీకాలం

రాష్ట్రపతి పదవికి పోటీచేసే వ్యక్తి భారత పౌరుడై, 35 సంవత్సరాలు నిండి, లోక్‌సభ సభ్యునిగా ఎన్నికయ్యే అర్హత కలిగి ఉండాలి. ప్రభుత్వంలో లాభదాయక పదవిలో ఉండరాదు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, గవర్నరు, మంత్రి పదవులను ఈ విషయంలో లాభదాయక పదవులుగా పరిగణించరు. నామినేషనును కనీసం 50 మంది ఓటర్లు ప్రతిపాదించాలి, మరో 50 మంది బలపరచాలి.

పదవీకాలం ఐదేళ్ళు. తిరిగి ఎన్నిక కావడానికి రాజ్యాంగంలో అడ్డంకి లేదు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రాష్ట్రపతి చేత ప్రమాణ స్వీకారం చేయిస్తాడు. మంత్రులు రాజ్యాంగానికి బద్ధులై ఉంటామని ప్రమాణం చేస్తే, రాష్ట్రపతి రాజ్యాంగాన్ని సంరక్షిస్తానని, పరిరక్షిస్తానని ప్రమాణం చేస్తాడు. రాష్ట్రపతికి రాజ్యాంగం పట్ల ప్రత్యేక బాధ్యత ఉందని వాదించేవారు ఈ తేడాను ఆధారంగా చూపుతారు.

రాజ్యాంగాన్ని ఉల్లంఘించిన సందర్భంలో మహాభియోగ తీర్మానం ద్వారా రాష్ట్రపతిని తొలగించవచ్చు. ఏదైనా ఒక సభలో, నాలుగవ వంతు సభ్యుల సంతకాలతో, 14 రోజుల ముందస్తు నోటీసు ఇచ్చి తీర్మానాన్ని ప్రవేశపెట్టాలి. ఆ సభ మొత్తం సభ్యుల సంఖ్యలో మూడింట రెండు వంతుల మంది ఆమోదిస్తే, రెండవ సభ ఆరోపణలపై విచారణ జరుపుతుంది. అక్కడ కూడా అదే ఆధిక్యతతో తీర్మానం నెగ్గితే రాష్ట్రపతి పదవి కోల్పోతాడు. ఇప్పటివరకు ఏ రాష్ట్రపతినీ ఈ విధంగా తొలగించలేదు.

కార్యనిర్వాహక అధికారాలు

కేంద్ర ప్రభుత్వ చర్యలన్నీ రాష్ట్రపతి పేరుమీదనే జరుగుతాయి. ప్రధానమంత్రిని, ఆయన సలహాపై ఇతర మంత్రులను రాష్ట్రపతి నియమిస్తాడు. రాష్ట్రాల గవర్నర్లు, సుప్రీంకోర్టు, హైకోర్టుల న్యాయమూర్తులు, అటార్నీ జనరల్, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, ప్రధాన ఎన్నికల కమిషనరు, కేంద్ర పబ్లిక్ సర్వీసు కమిషను సభ్యులు, ఆర్థిక సంఘం సభ్యులు మొదలైనవారిని నియమించేది కూడా రాష్ట్రపతే. కేంద్రపాలిత ప్రాంతాల పరిపాలన రాష్ట్రపతి పేరుమీద సాగుతుంది.

ఐదవ షెడ్యూలు కింద షెడ్యూల్డు ప్రాంతాలను (తెలుగు నేలపై వీటినే ఏజెన్సీ ప్రాంతాలు అంటారు) ప్రకటించేది రాష్ట్రపతి. 341, 342 అధికరణాల కింద ఆయా రాష్ట్రాలలోని షెడ్యూల్డు కులాలు, తెగల జాబితాలను మొదట ప్రకటించే అధికారం కూడా రాష్ట్రపతిదే. ఒకసారి ప్రకటించిన తరువాత ఆ జాబితాలో మార్పులు చేసే అధికారం పార్లమెంటుకు మాత్రమే ఉంటుంది. ఈ జాబితాను విభజించరాదన్న కారణంతోనే ఆంధ్రప్రదేశ్ చేసిన షెడ్యూల్డు కులాల వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు 2004లో కొట్టివేసింది. వర్గీకరణ వలన రాష్ట్రపతి జాబితా మారినట్లు కాదని 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చి, పాత తీర్పును తోసిపుచ్చింది.

శాసన నిర్మాణ అధికారాలు

పార్లమెంటు అంటే లోక్‌సభ, రాజ్యసభలు మాత్రమే కాదు. 79వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి కూడా పార్లమెంటులో అంతర్భాగమే. సభలను సమావేశపరచడం, సమావేశాలను ముగించడం, లోక్‌సభను రద్దు చేయడం రాష్ట్రపతి అధికారాలు. ప్రతి సాధారణ ఎన్నిక తరువాత జరిగే మొదటి సమావేశంలోను, ప్రతి ఏటి తొలి సమావేశంలోను రాష్ట్రపతి ఉభయ సభలనుద్దేశించి ప్రసంగిస్తాడు. ఈ ప్రసంగాన్ని మంత్రివర్గమే తయారు చేస్తుంది. సాహిత్యం, విజ్ఞానం, కళలు, సమాజసేవ రంగాలకు చెందిన 12 మందిని రాష్ట్రపతి రాజ్యసభకు నామినేట్ చేస్తాడు. లోక్‌సభకు ఇద్దరు ఆంగ్లో-ఇండియన్లను నామినేట్ చేసే అధికారం 104వ సవరణ ద్వారా 2020 జనవరితో ముగిసింది.

ఉభయ సభలు ఆమోదించిన బిల్లు రాష్ట్రపతి సమ్మతి పొందితేనే చట్టమవుతుంది. 111వ అధికరణం కింద రాష్ట్రపతి ముందు మూడు మార్గాలు ఉన్నాయి: సమ్మతి తెలపడం, సమ్మతిని నిరాకరించడం, పునఃపరిశీలన కోసం సభలకు తిప్పి పంపడం. తిప్పి పంపిన బిల్లును సభలు సవరణలతో గాని, సవరణలు లేకుండా గాని మళ్ళీ ఆమోదిస్తే రాష్ట్రపతి సమ్మతి తెలిపి తీరాలి. ద్రవ్య బిల్లును తిప్పి పంపే వీలు లేదు. 1971లో చేసిన 24వ సవరణ తరువాత రాజ్యాంగ సవరణ బిల్లుకు సమ్మతి తెలపడం తప్పనిసరి అయింది.

సమ్మతి తెలపడానికి రాజ్యాంగం గడువేదీ విధించలేదు. దీనివలన బిల్లుపై ఏ నిర్ణయమూ చెప్పకుండా అట్టే పెట్టుకొనే అవకాశం రాష్ట్రపతికి ఏర్పడింది. దీనిని పాకెట్ వీటో అంటారు. 1986లో పార్లమెంటు ఆమోదించిన భారత తపాలా కార్యాలయాల సవరణ బిల్లు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఉత్తరాలను తెరచి చూసే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టే ఈ బిల్లుపై పౌరుల ఏకాంతానికి భంగకరమన్న విమర్శ వచ్చింది. రాష్ట్రపతి జైల్ సింగ్ దానిపై సంతకం చేయలేదు, తిప్పి పంపనూ లేదు. ఆ బిల్లు చట్టం కాలేదు.

2006లో ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ లాభదాయక పదవుల బిల్లును పునఃపరిశీలనకు తిప్పి పంపాడు. పార్లమెంటు ఆ బిల్లును మార్పు లేకుండా మళ్ళీ ఆమోదించడంతో ఆయన సంతకం చేసాడు. బిల్లును తిప్పి పంపడం వలన చట్టం ఆగలేదు గాని, దానిలోని అంశాలు దేశవ్యాప్తంగా చర్చకు వచ్చాయి.

రాష్ట్ర శాసనసభలు ఆమోదించిన బిల్లులలో కొన్నింటిని గవర్నరు రాష్ట్రపతి పరిశీలనకు పంపవచ్చు. వీటిపై నిర్ణయానికి కూడా రాజ్యాంగంలో గడువు లేదు. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్ 8న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రపతి మూడు నెలల్లోగా నిర్ణయం తీసుకోవాలని తీర్పునిచ్చింది. దీనిపై రాష్ట్రపతి 143వ అధికరణం కింద 14 ప్రశ్నలతో సుప్రీంకోర్టు సలహా కోరింది. 2025 నవంబరు 20న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తన అభిప్రాయాన్ని వెల్లడిస్తూ, గవర్నరుకు గాని రాష్ట్రపతికి గాని కోర్టులు గడువు విధించలేవని, గడువు దాటినందున సమ్మతి లభించినట్లు భావించడం కుదరదని తెలిపింది. అయితే కారణం లేకుండా గవర్నరు సుదీర్ఘకాలం నిష్క్రియంగా ఉంటే, నిర్ణయం తీసుకోమని మాత్రం కోర్టు పరిమితంగా ఆదేశించవచ్చని పేర్కొంది.

ఆర్డినెన్సులు

పార్లమెంటు ఉభయ సభలూ సమావేశంలో లేని సమయంలో, తక్షణ చర్య అవసరమైనపుడు 123వ అధికరణం కింద రాష్ట్రపతి ఆర్డినెన్సు జారీ చేయవచ్చు. ఆర్డినెన్సుకు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. పార్లమెంటు తిరిగి సమావేశమైన ఆరు వారాలలోగా ఆమోదం పొందకపోతే అది రద్దవుతుంది. 1969 జూలై 19న, పార్లమెంటు సమావేశాలు మరో రెండు రోజుల్లో మొదలుకానుండగా, 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వెలువడింది. తాత్కాలిక రాష్ట్రపతిగా దానిపై సంతకం చేసిన వి.వి.గిరి, ఎన్నికలో పోటీ చేసేందుకు ఆ మరునాడే రాజీనామా చేసాడు. పార్లమెంటును తప్పించుకొనేందుకు ఆర్డినెన్సులను మళ్ళీమళ్ళీ జారీ చేయడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు బీహారుకు చెందిన కేసులలో 1986లోను, 2017లోను స్పష్టం చేసింది.

ఆర్థిక అధికారాలు

రాష్ట్రపతి సిఫారసు లేకుండా ద్రవ్య బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టరాదు. వార్షిక బడ్జెటును రాష్ట్రపతి పార్లమెంటు ముందు ఉంచే ఏర్పాటు చేస్తాడు. ఊహించని ఖర్చుల కోసం ఉద్దేశించిన ఆగంతుక నిధి రాష్ట్రపతి అధీనంలో ఉంటుంది. కేంద్ర, రాష్ట్రాల మధ్య పన్నుల పంపకంపై సిఫారసులు చేసే ఆర్థిక సంఘాన్ని ఐదేళ్ళకొకసారి నియమిస్తాడు.

న్యాయాధికారాలు

72వ అధికరణం కింద రాష్ట్రపతికి క్షమాభిక్ష అధికారం ఉంది. శిక్షను పూర్తిగా రద్దు చేయవచ్చు, తగ్గించవచ్చు, ఒక శిక్షను మరొక తేలికపాటి శిక్షగా మార్చవచ్చు, అమలును వాయిదా వేయవచ్చు. కేంద్ర చట్టాల కింద పడిన శిక్షలకు, సైనిక న్యాయస్థానాలు విధించిన శిక్షలకు, అన్ని మరణశిక్షలకు ఈ అధికారం వర్తిస్తుంది.

ఈ అధికారాన్ని కూడా మంత్రిమండలి సలహా మేరకే వినియోగించాలని సుప్రీంకోర్టు 1980లో తీర్పునిచ్చింది. ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఒక ఖైదీకి శిక్ష తగ్గించిన ఉత్తర్వును 2006లో రద్దు చేస్తూ, కులం, మతం, రాజకీయ కారణాలతో ఇచ్చే క్షమాభిక్షను కోర్టులు పరిశీలించవచ్చని స్పష్టం చేసింది. క్షమాభిక్ష దరఖాస్తుపై సకారణం లేకుండా ఏళ్ళ తరబడి ఆలస్యం జరిగితే, ఆ కారణంగా మరణశిక్షను జీవిత ఖైదుగా మార్చవచ్చని 2014 జనవరిలో తీర్పునిచ్చింది. ఉరికంబం నీడలో సంవత్సరాలు గడపడం కూడా ఒక శిక్షేనన్నది ఈ తీర్పులోని సారాంశం.

అత్యవసర అధికారాలు

రాజ్యాంగం మూడు రకాల అత్యవసర పరిస్థితులను పేర్కొంది.

జాతీయ అత్యవసర పరిస్థితి (352వ అధికరణం): యుద్ధం, విదేశీ దురాక్రమణ, సాయుధ తిరుగుబాటు సందర్భాలలో ప్రకటించవచ్చు. ఇప్పటివరకు మూడుసార్లు, 1962, 1971, 1975లలో ప్రకటించారు. మూడవది దేశ చరిత్రలో వివాదాస్పదమైనది. 1975 జూన్ 25 రాత్రి ప్రధానమంత్రి ఇందిరా గాంధీ సలహాపై రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ ప్రకటనపై సంతకం చేసాడు. మంత్రివర్గం మరునాటి ఉదయం గాని దానిని ఆమోదించలేదు. అప్పటికే ప్రతిపక్ష నాయకుల అరెస్టులు మొదలయ్యాయి. రాష్ట్రపతి సంతకం లాంఛనప్రాయమైతే ఎంతటి పరిణామాలు కలుగుతాయో ఈ సంఘటన తెలియజేసింది. దీని తరువాత 1978లో చేసిన 44వ సవరణ, మంత్రివర్గ నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలియజేస్తేనే రాష్ట్రపతి ప్రకటన చేయాలని నిర్దేశించింది. "అంతర్గత కల్లోలం" అన్న మాటను తొలగించి "సాయుధ తిరుగుబాటు" అని చేర్చింది. ప్రకటనను ఒక నెలలోగా పార్లమెంటు ప్రత్యేక ఆధిక్యతతో ఆమోదించాలి.

రాష్ట్రపతి పాలన (356వ అధికరణం): ఒక రాష్ట్రంలో రాజ్యాంగబద్ధంగా పాలన సాగే అవకాశం లేనపుడు విధిస్తారు. రెండు నెలలలోగా పార్లమెంటు ఆమోదం అవసరం. ఆరు నెలలకొకసారి పొడిగిస్తూ గరిష్ఠంగా మూడేళ్ళ వరకు కొనసాగించవచ్చు. ఒక ఏడాది దాటి పొడిగించడానికి అదనపు షరతులున్నాయి. దేశంలో ఇప్పటివరకు వందసార్లకు పైగా దీనిని ప్రయోగించారు. ప్రకాశం పంతులు మంత్రివర్గం పడిపోయిన తరువాత 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో, జై ఆంధ్ర ఉద్యమ కాలంలో 1973లో ఆంధ్రప్రదేశ్‌లో, మళ్ళీ విభజనకు ముందు 2014 మార్చిలో రాష్ట్రపతి పాలన విధించారు. 1994లో ఎస్.ఆర్.బొమ్మై కేసులో సుప్రీంకోర్టు, రాష్ట్రపతి ప్రకటన న్యాయసమీక్షకు లోబడి ఉంటుందని, ప్రభుత్వ బలాన్ని శాసనసభలోనే తేల్చాలని తీర్పునిచ్చింది. ఆ తరువాత ఈ అధికరణం వాడకం బాగా తగ్గింది.

ఆర్థిక అత్యవసర పరిస్థితి (360వ అధికరణం): దేశ ఆర్థిక స్థిరత్వానికి ముప్పు ఏర్పడినపుడు ప్రకటించవచ్చు. ఇంతవరకు ఒక్కసారి కూడా ప్రకటించలేదు.

మంత్రిమండలి సలహా, రాష్ట్రపతి విచక్షణ

రాష్ట్రపతి మంత్రిమండలి సలహాను పాటించి తీరాలని మొదట రాజ్యాంగంలో స్పష్టంగా లేదు. బ్రిటిషు సంప్రదాయమే ఇక్కడ కూడా వర్తిస్తుందని రాజ్యాంగ నిర్మాతలు భావించారు. 1960లో రాజేంద్ర ప్రసాద్ ఢిల్లీలో ఇండియన్ లా ఇన్స్టిట్యూట్‌లో చేసిన ప్రసంగంలో, భారత రాష్ట్రపతి స్థానం బ్రిటిషు రాజు స్థానం వంటిదేనా అన్న విషయాన్ని అధ్యయనం చేయాలని కోరాడు. 1974లో షంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రపతి మంత్రిమండలి సలహాకు బద్ధుడని తేల్చింది. 1976లో 42వ సవరణ దీనిని రాజ్యాంగంలోనే చేర్చింది. 44వ సవరణ దానికి చిన్న మినహాయింపు ఇచ్చింది: సలహాను ఒకసారి పునఃపరిశీలించమని రాష్ట్రపతి కోరవచ్చు. పునఃపరిశీలన తరువాత ఇచ్చిన సలహాను పాటించాలి.

ఈ మినహాయింపు చిన్నదే అయినా ప్రభావం చూపింది. ఉత్తర ప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధించాలన్న సిఫారసును 1997లో కె.ఆర్.నారాయణన్ తిప్పి పంపగా మంత్రివర్గం దానిని విరమించుకుంది. 1998లో బీహారు విషయంలో కూడా ఆయన ఇలాగే చేసాడు.

లోక్‌సభలో ఏ పార్టీకీ స్పష్టమైన ఆధిక్యత లేనపుడు ప్రధానమంత్రిగా ఎవరిని పిలవాలన్నది రాష్ట్రపతి విచక్షణపై ఆధారపడి ఉంటుంది. 1979లో మొరార్జీ దేశాయి రాజీనామా తరువాత నీలం సంజీవరెడ్డి చరణ్ సింగ్‌ను ప్రధానమంత్రిగా నియమించాడు. ఆయన లోక్‌సభను ఎదుర్కోకుండానే రాజీనామా చేయగా, ఆగస్టు 22న రాష్ట్రపతి లోక్‌సభను రద్దు చేసాడు. జగ్జీవన్ రామ్‌కు అవకాశం ఇవ్వకపోవడంపై అప్పట్లో తీవ్ర విమర్శలు వచ్చాయి. 1996లో శంకర్ దయాళ్ శర్మ అతిపెద్ద పార్టీ నాయకుడైన వాజపేయిని ఆహ్వానించగా, ఆ ప్రభుత్వం 13 రోజులకే పడిపోయింది. 1998లో నారాయణన్ మద్దతు లేఖలను పరిశీలించిన తరువాతే ఆహ్వానం పంపాడు. ఈ విషయంలో లిఖిత నియమం లేనందున ప్రతి రాష్ట్రపతి నిర్ణయమూ తరువాతివారికి ఒక ఉదాహరణగా మిగులుతుంది.

తెలుగు రాష్ట్రాలు, రాష్ట్రపతి ఉత్తర్వులు

1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకాన్ని అమలు చేసేందుకు 32వ సవరణ ద్వారా 371-డి అధికరణాన్ని చేర్చారు. విద్యా, ఉద్యోగావకాశాలలో రాష్ట్రంలోని వివిధ ప్రాంతాలకు సమన్యాయం జరిగేందుకు ఉత్తర్వులు జారీ చేసే అధికారాన్ని ఇది రాష్ట్రపతికి ఇచ్చింది. స్థానిక కేడర్లు, జోన్లు, స్థానిక అభ్యర్థి నిర్వచనం మొదలైనవి 1975 నాటి ఉత్తర్వుల ద్వారా అమల్లోకి వచ్చాయి. విభజన తరువాత కూడా ఈ అధికరణం రెండు రాష్ట్రాలకూ వర్తిస్తుంది. తెలంగాణకు 2018లో కొత్త ఉత్తర్వులు వెలువడ్డాయి.

3వ అధికరణం ప్రకారం రాష్ట్రాల విభజన బిల్లును రాష్ట్రపతి సిఫారసుతోనే పార్లమెంటులో ప్రవేశపెట్టాలి. దానికి ముందు సంబంధిత శాసనసభ అభిప్రాయం కోసం పంపాలి. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ 2013 డిసెంబరులో శాసనసభకు పంపాడు. 2014 జనవరి 30న శాసనసభ బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. శాసనసభ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనవసరం లేనందున, ఫిబ్రవరిలో ఉభయ సభలు బిల్లును ఆమోదించాయి. మార్చి 1న రాష్ట్రపతి సమ్మతి తెలిపాడు. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది.

పదవి ఖాళీ అయినపుడు

రాష్ట్రపతి మరణించినా, రాజీనామా చేసినా, తొలగింపబడినా ఉపరాష్ట్రపతి తాత్కాలిక రాష్ట్రపతిగా వ్యవహరిస్తాడు. ఆరు నెలలలోగా ఎన్నిక జరగాలి. 1969 మే 3న జాకిర్ హుస్సేన్, 1977 ఫిబ్రవరి 11న ఫకృద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగా మరణించారు. 1969లో ఉపరాష్ట్రపతి వి.వి.గిరి కూడా రాజీనామా చేయడంతో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.హిదయతుల్లా కొద్ది వారాలు రాష్ట్రపతిగా వ్యవహరించాడు.

వేతనం, నివాసం

2018 బడ్జెటులో రాష్ట్రపతి వేతనాన్ని నెలకు రూ. 1.5 లక్షల నుండి రూ. 5 లక్షలకు పెంచారు. అధికారిక నివాసం కొత్త ఢిల్లీలోని రాష్ట్రపతి భవన్. సిమ్లా సమీపంలోను, సికింద్రాబాదు బొల్లారంలోను విడిది భవనాలున్నాయి. బొల్లారంలోని రాష్ట్రపతి నిలయంలో రాష్ట్రపతి దక్షిణాది విడిది చేయడం ఆనవాయితీ. 2023 నుండి ఈ నిలయాన్ని సందర్శించేందుకు ప్రజలకు సంవత్సరం పొడవునా అవకాశం కల్పించారు.